ప్రేక్షకులు లేని సభలు

2006వ సంవత్సరము సెప్టెంబరు 9, 10 తేదీలలో, శని ఆదివారములైన ఆ రెండు దినములు, అమెరికా దేశమందలి బోస్టన్ నగరమున బంకర్ హిల్ కమ్యూనిటీ కళాశాలలో ఒక సభ జరిగెను. దానికి ప్రవేశ రుసుము లేదు. పూలమాలలు, సన్మానపత్రములు, అధ్యక్షుని తొలిపలుకులు మొదలగు లాంఛనము లేవియు లేవు. క్రిస్ బ్రోగన్, క్రిస్టఫర్ పెన్ అను నిరువురు పూనుకొని జరిపించిన ఆ సభకు పాడ్‌క్యాంపు అని పేరు. వారిలో పెన్, విద్యార్థుల ఋణములను, ఉపకారవేతనములను గూర్చి అంతర్జాలమున పాడ్‌కాస్టు వినిపించుచుండినవాడు. చూడ స్వల్పముగా దోచు ఈ పూనిక, పిమ్మట కొన్ని వత్సరములలోనే పలు నగరములలో పాటింపబడిన ఒక ఆచారమునకు నాంది యయ్యెను.

ఆనాటికి పాడ్‌కాస్టు పసిబిడ్డ. వార్తాఫీడుల వెంట ఆడియో ఫైళ్లను కూడ చందాదారునకు చేరవేయు నుపాయమును డేవ్ వైనర్ ఈ శతాబ్దపు తొలినాళ్లలో సిద్ధపరచెను. ఎంటీవీలో వ్యాఖ్యాతగా పేరొందిన ఆడమ్ కర్రీ 2004లో దానిని జనరంజకము గావించెను. ఆ యేటి ఫిబ్రవరిలో బెన్ హామర్స్లీ గార్డియన్ పత్రికలో వ్రాసిన వ్యాసమున దాని పేరు తొలుత కానవచ్చెను. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో చోటు కల్పించుటతో అది ఇంటింటికి తెలిసెను. అయినను ఆ విద్య నేర్చినవారిలో పెక్కురు ఒంటరివారు. రేడియో కేంద్రమునకు శబ్దము చొరని గోడలు, నిపుణుడైన ఇంజనీరు, ఒప్పుతప్పులు చెప్పు సహోద్యోగులు ఉందురు. పాడ్‌కాస్టరునకు అవి యేవి? గదిలో మాట మ్రోగకుండుటకై దుస్తుల అలమరలో దూరి, వ్రేలాడు కోటుల నడుమ మైకు పట్టుకొని మాటలాడినవారు ఎందరో కలరు. అట్టివానికి దూరదేశమున వినువారుందురు గాని, మైకును నోటికెంత దూరమున నుంచవలెనో చెప్పువాడు ప్రక్కవీధిలో నుండడు. ఈ కొరతయే వారిని ఒకచోటికి రప్పించినది.

రప్పించిన విధానమునకు మాత్రము పాడ్‌కాస్టుకంటె పాతదైన వంశవృక్షము కలదు. హారిసన్ ఓవెన్ అనునతడు, ఎపిస్కోపల్ సంప్రదాయమున మతాచార్యుడు, ఒకప్పుడు పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశమున ఛాయాచిత్ర విలేఖరిగా బలమా యను పల్లెలో బాలురకు జరుగు ఒక సంస్కారోత్సవమును జూచెను. నాలుగు దినములు సాగిన ఆ వేడుకకు కార్యవర్గము లేదు, కార్యక్రమ పత్రము లేదు. అయినను ఊరివారందరు గుండ్రముగా గూడి, ఎవరి పని వారెఱిగి, ఏ లోపమును లేకుండ జరుపుకొనిరి. ఆ ముచ్చట అతని మనస్సున నిలిచిపోయెను. తరువాత 1983లో అతడే ఒక అంతర్జాతీయ సభను ఏడాదిపాటు శ్రమించి ఏర్పాటు చేయగా, వచ్చినవారందరు మెచ్చినది ఉపన్యాసములను గాదు, నడుమ నడుమ కాఫీకై ఇచ్చిన విరామములను. ఇంత శ్రమపడి మన మేర్పరుపనిదే అందరికి నచ్చినదని తెలిసినప్పుడు ఏ నిర్వాహకునికైనను చిన్నబోవుట సహజము. ఓవెన్ చిన్నబుచ్చుకొనక, సభ యావత్తును కాఫీ విరామముగా మార్చినచో నేమని యోచించెను. 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో 85 మందిని వలయముగా గూర్చుండబెట్టి, చర్చింపదలచిన విషయమును ఎవరికి వారే కాగితముపై వ్రాసి గోడకు తగిలింపుడనెను. ఈ పద్ధతికి ఓపెన్ స్పేస్ అని పేరు వచ్చెను. దానికి అతడు చేర్చిన శాసనము రెండు పాదముల సూత్రము: తాను నేర్చుకొనుటయు, నేర్పుటయు జరుగనిచోట నున్నవాడు తన రెండు కాళ్లను వినియోగించి మరియొక చోటికి బోవలెను. మర్యాదకై కునికిపాట్లు పడుచు చివరివరకు గూర్చుండుట అలవడిన మనకు ఇది పరుషముగా దోచును గాని, వక్తను అదుపులో నుంచుటకు ఇంతకంటె సౌమ్యమైన సాధనము నే నెఱుగను.

2003లో టిమ్ ఓరైలీ అను పుస్తక ప్రచురణకర్త, కాలిఫోర్నియాలోనే సెబాస్టొపోల్‌లోని తన సంస్థ ఆవరణమున కంప్యూటరు నిపుణులైన మిత్రులను గూర్చి, గుడారములు వేయించి, ఈ మాదిరి సభ నొకదానిని ఫూ క్యాంపు అను పేర జరిపెను. అది ఆహ్వానితులకు మాత్రమే. ఆహ్వానము లేనివారి యుక్రోషమో, తామును చేయగలమను నుత్సాహమో, 2005 ఆగస్టు 19 మొదలు 21 వరకు పాలో ఆల్టోలో అందరికిని తలుపులు తెరచిన బార్‌క్యాంపు వెలసెను. టాంటెక్ చెలిక్, క్రిస్ మెస్సీనా, మ్యాట్ మలన్‌వెగ్ మున్నగువారు వారము దినములైన నిండకముందే దానిని సిద్ధపరుపగా, సోషల్‌టెక్స్ట్ సంస్థ తన కార్యాలయమును విడిచియిచ్చెను. దాదాపు 200 మంది వచ్చిరి. ఈ సభలలో ముఖ్యాలంకారము గోడపై నుండు పట్టిక: నిలువుగా వేళలు, అడ్డముగా గదుల పేర్లు, నడుమనంతయు ఖాళీ గళ్లు. ఉదయముననే వచ్చినవారు చీటీలపై తమ విషయమును, పేరును వ్రాసి ఒక్కొక గడిలో నంటింతురు. ఒకే గడికై ఇరువురు పోటీపడినచో అచ్చటనే మాటలాడుకొని, ఒకడు మధ్యాహ్నమునకు జరుగును, లేదా ఇరువురును ఒక్క గదిలో కలియుదురు. మన అవధాన సభలో పృచ్ఛకునకు సైతము కొంత కర్తృత్వము కలదు గాని, వెనుక వరుసలోనివానికి చప్పట్లు తప్ప వేరు పని లేదు. ఇచ్చట వెనుక వరుసయే లేదు.

బ్రోగన్, పెన్ ఈ అచ్చును గ్రహించి, విషయమును బ్లాగులు, పాడ్‌కాస్టులు, అంతర్జాల వీడియోలు మొదలగు నవమాధ్యమములకు పరిమితము గావించిరి. పాడ్‌క్యాంపు అను పేరు పెట్టుకొనదలచినవారు ఏ యూరివారైనను పాటింపవలసిన నియమములు కొద్దిపాటివే. అందరిని సమానముగా జూడవలెను. చోటున్నంతవరకు ఎవరిని వలదనరాదు. రెండు పాదముల సూత్రము నడువవలెను. అచ్చట పుట్టిన కృతులను క్రియేటివ్ కామన్స్ అనుమతిపై లోకమునకు విడువవలెను. వీనియన్నిటికంటె నన్ను ఆకర్షించినది జమాఖర్చుల నియమము. దాతలలో పేరు వలదన్నవారి పేరు దాచవచ్చును గాని, ఎంత వచ్చినది, దేనికి వ్యయమైనది అనునది అందరును చూడదగినట్లు తెరచియుంచవలెను. స్వచ్ఛంద సేవకులు జీతము గోరరు. కాని చందాల డబ్బేమైనదని వీధిలో గుసగుసలు పుట్టిననాడు మరుసటి యేడు ఒక్కడును కుర్చీ మోయుటకు రాడు. స్వేచ్ఛ స్వేచ్ఛ యని పొగడబడిన ఈ సభలు నిలిచినది స్వేచ్ఛవలన గాదు, ఇట్టి లెక్కవలన నని నా తలంపు.

ఆ యేడే పిట్స్‌బర్గ్‌లోను, 2007 ఫిబ్రవరిలో కెనడాలోని టొరంటోలోను పాడ్‌క్యాంపులు వెలసెను. బోస్టన్‌లో తొలి సభ జరిగిన ఆ సెప్టెంబరు 9, 10 తేదీలలోనే మన చెన్నపట్టణమున టైడల్ పార్కులో బ్లాగ్‌క్యాంపు జరుగుట చిత్రము. ఒకరిని జూచి ఒకరు చేసినది గాదు, ఇరువురును బార్‌క్యాంపు సంతానమే. తెలుగు బ్లాగరులు ఈ పేర్లను దెచ్చుకొనలేదు. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని, కూడలి అను అంతర్జాల సాధనముల మూలమున తెలుగున వ్రాయుటయు, వ్రాసినవారిని కనుగొనుటయు సులభమైన పిదప, హైదరాబాదున వారు యూసఫ్‌గూడలోని కృష్ణకాంత్ ఉద్యానవనమున నెలనెలా ఒక ఆదివారము గూడుచుండిరి. పట్టిక లేదు, చీటీలు లేవు. కాని వచ్చినవారు పనిచేయువారు. ఈ-తెలుగు సంఘముగా నేర్పడి, 2008 డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో అంగడి దెరచి, కంప్యూటరులో తెలుగు వచ్చునా యని యడిగినవారికి వ్రాసి చూపినది ఇట్టివారే.

అమెరికాలో పాడ్‌క్యాంపుల వేడి దాదాపు ఒక దశాబ్దికి చల్లారెను. మైకు నెట్లు పట్టవలెనో చెప్పు వీడియోలు వేలకొలది లభింపగా, దానికై శనివారమును ధారవోయువారు తగ్గిరి. శిల్పమును గూర్చిన చర్చలకు మారుగా, శ్రోతలను వినియోగదారులుగా మార్చుకొను మార్కెటింగు పాఠములు గోడమీది గళ్లను ఆక్రమించెను. 2014లో డల్లాస్‌లో మొదలైన పాడ్‌కాస్ట్ మూవ్‌మెంట్ వంటి సభలకు టిక్కెట్టు కలదు, ప్రఖ్యాత వక్తలు కలరు, ముందుగనే నిశ్చయమైన కార్యక్రమము కలదు. నచ్చని ప్రసంగమునుండి లేచిపోవు స్వాతంత్ర్యము ఇప్పు డిట్టి సభలలోను తప్పుగా నెంచబడుట లేదు. జమాఖర్చుల పుస్తకమును గోడకు వ్రేలాడదీయు నియమము మాత్రము, నేను చూచినంతలో, ఈ సభల నిర్వాహకుల కంట బడినట్లు లేదు.