పులికాట్ సరస్సు: శీతాకాలపు నీటిపక్షులు

పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో, బంగాళాఖాతం తీరాన ఉన్నది. తెలుగువారు దీనిని ప్రళయకావేరి అని, తమిళులు దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరి పేరుతో పళవేర్కాడు అని పిలుస్తారు. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో ఇంత పెద్ద తీరప్రాంత ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. సరస్సులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొన తిరువళ్ళూరు జిల్లాలోను ఉన్నవి. సముద్రానికి, సరస్సుకు నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా నిలిచి ఉన్నది. రాష్ట్రాల ఎల్లకు ఇరువైపులా తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ జీవిస్తున్నవి. ఈ దీవుల, పల్లెల బ్రతుకును, పలుకుబడిని స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' అక్షరబద్ధం చేశాయి.

అక్టోబరు నుండి మార్చి వరకు ఈ సరస్సుపై వేలాది నీటిపక్షులు కనబడతాయి. వాటినన్నింటినీ 'విదేశీ పక్షులు' అనడం పరిపాటి అయినది. ఆ మాట కొన్నింటికే వర్తిస్తుంది. ఏ పక్షి ఎక్కడిదో, ఎంత లోతు నీటిలో మేయగలదో తెలుసుకొన్నవారికి, పక్షులను చూచినంత మాత్రాన సరస్సు స్థితి అర్థమవుతుంది.

నీరు, ఉప్పు, లోతు

ఉత్తరాన స్వర్ణముఖి, పడమట కాళంగి, దక్షిణాన ఆరణి నదులు సరస్సుకు మంచినీటిని తెస్తాయి. ఈశాన్య రుతుపవనాల వర్షాలకు సరస్సు నిండి, ఉప్పదనం తగ్గుతుంది. వేసవిలో నీరు ఇంకి, ఉప్పదనం పెరిగి, ఉత్తరభాగంలో విశాలమైన మేటలు బయటపడతాయి. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా లోనికి వస్తూ పోతూ ఉంటుంది. సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. కావున అడుగు నీరు హెచ్చినా, తగ్గినా పక్షుల మేత స్థలాలు మారిపోతాయి.

మూడు విధాల పక్షులు

మొదటి విధం మన దేశపు పక్షులు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్లకంకణం, నీటికాకి ఈ కోవకు చెందినవి. ఇవి నీటిని బట్టి ఒక చెరువు నుండి మరొక చెరువుకు తరలుతాయే గాని, హిమాలయాలు దాటి వచ్చినవి కావు. గూడబాతు భారత్, శ్రీలంక, కంబోడియా వంటి కొద్ది దేశాలలోనే జీవిస్తుంది.

రెండవ విధం ఫ్లెమింగోలు. మన దేశంలో వీటి ప్రధాన సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్‌కు ఇవి ప్రధానంగా మేత కొరకే వస్తాయి.

మూడవ విధం నిజమైన దూరదేశపు అతిథులు. సూదితోక బాతు, చెంచామూతి బాతు, నల్లతోక గాడ్విట్ మొదలైనవి ఉత్తర ఆసియా నుండి శీతాకాలం గడపడానికి వచ్చి, వేసవి ముదరక ముందే వెళ్ళిపోతాయి. ఇవి ఇక్కడ గూళ్ళు కట్టవు.

ముక్కు, కాళ్ళు చూచి గుర్తించుట

ఫ్లెమింగో పొడుగు కాళ్ళతో నీటిలో నడుస్తూ, తలను తలక్రిందులుగా ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి సూక్ష్మజీవులను, నాచును తింటుంది. దాని గులాబీ రంగు ఈ ఆహారం నుండి వచ్చినదే. అందుచేతనే పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

గూడబాతుకు క్రింది ముక్కున సంచి ఉంటుంది. కొన్ని పక్షులు వరుసగా ఈదుతూ చేపలను ఒక ప్రక్కకు తరిమి, సంచితో తోడుకొంటాయి. నత్తగుల్ల కొంగ రెండు ముక్కుల నడుమ సందు ఉంటుంది. వరిపొలాలలోని నత్తలు దాని ముఖ్యాహారం. తెడ్డుమూతి కొంగ ముక్కును ఇటు అటు ఊపుతూ నీటిని గాలిస్తుంది. సూదితోక బాతు తోక పైకెత్తి, తల ముంచి, అడుగున ఉన్న మొక్కలను తింటుంది. గాడ్విట్ నిటారైన పొడవు ముక్కును మెత్తని బురదలో గుచ్చి పురుగులను వెదకుతుంది.

అరుదుగా కనబడే వాటిలో చిన్న ఫ్లెమింగో ఒకటి. పెద్ద ఫ్లెమింగో ముక్కు గులాబీ రంగులో ఉండి కొన మాత్రమే నల్లగా ఉంటుంది. చిన్నదాని ముక్కు దాదాపు మొత్తం ముదురు ఎరుపు కలిసిన నలుపు. పెద్ద గుంపును ముక్కు ముక్కుగా పరిశీలించిన వారికే ఇది దొరుకుతుంది.

నేలపట్టు

సూళ్ళూరుపేటకు ఉత్తరాన, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు ఉన్నది. నెల్లూరు జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. నేలపట్టును, పులికాట్‌లోని ఆంధ్ర భాగాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించారు. చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడు నేలపట్టులో, చేపలు పులికాట్‌లో. తల్లిదండ్రులు రోజూ సరస్సుకు పోయి, తెచ్చిన చేపలను పిల్లలకు అందిస్తాయి. కనుక సరస్సులో చేప తగ్గితే చెరువులో పిల్లలు ఆకలితో ఉంటాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఇక్కడి రైతులకు పూర్వం నుండి తెలుసు. ప్రభుత్వ ప్రకటనకు ముందే ఊరివారు ఈ పక్షులను కాపాడుకొంటూ వచ్చారు.

చూడదలచినవారికి

చెన్నై నుండి సూళ్ళూరుపేటకు రైళ్ళు ఉన్నవి. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రహదారి సరస్సును అడ్డంగా దాటుతుంది. దానికి ఇరువైపులా ఫ్లెమింగోలు కనబడతాయి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలోనికి మాత్రం అనుమతి లేనిదే ప్రవేశం లేదు. తడ మండలం భీములవారిపాలెంలో పడవలు ఉన్నవి. సూళ్ళూరుపేట కేంద్రంగా 2001 నుండి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. నడుమ కొన్నేళ్ళు ఆగి, 2025 జనవరిలో మరల జరిగినది.

ఉదయం ఎండ ముదరక ముందు, సూర్యుడు వీపు వైపు ఉండేటట్లు నిలబడితే రంగులు స్పష్టంగా తెలుస్తాయి. బైనాక్యులర్లు చాలును. ఫోటో కొరకు గుంపును లేపకూడదు. ఎగిరిన ప్రతిసారీ పక్షి మేత సమయాన్ని, బలాన్ని కోల్పోతుంది. గూళ్ళ వద్ద పెద్దలు లేచిపోతే, పిల్లలను ఎండ, కాకులు బలిగొంటాయి. పక్షులను వేటాడడం, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాలికి ఉంగరం ఉన్న పక్షి కనబడితే దాని అంకెలను, తేదీని, స్థలాన్ని వ్రాసుకొని అటవీశాఖకు తెలుపవలెను.

ముఖద్వారం పూడితే

సముద్రపు అలలు తెచ్చే ఇసుక ముఖద్వారాలను పూడ్చివేస్తున్నది. ముఖద్వారం మూసుకొంటే రొయ్య, మడవ, పీత పిల్లలు సముద్రం నుండి లోనికి రాలేవు. పడవలు బయటకు పోలేవు. తాజా నీరు అందక సరస్సు వేసవిలో మరింత ఉప్పుదేరి, మరింత వేగంగా ఎండుతుంది. మొదట వల ఖాళీ అవుతుంది, ఆ వెంటనే గూడబాతు ముక్కు ఖాళీ అవుతుంది. రొయ్యల చెరువుల వలన కలిగే హానిని గుర్తించి, చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల అటువంటి చెరువులు త్రవ్వరాదని సుప్రీంకోర్టు 1996లో ఆదేశించినది. ఇసుక మేటకు అటువంటి ఆజ్ఞ పనిచేయదు. పూడిక తీయుట, నదుల నీటిని సరస్సుకు చేరనిచ్చుట రెండు రాష్ట్రాలు కలిసి చేయవలసిన పనులు. ఒక ఒడ్డున తెరచిన ద్వారం రెండవ ఒడ్డు పల్లెలకు కూడా చేపను ఇస్తుంది.

ఇతర సరిహద్దుల తెలుగువారికి కూడా దగ్గరలోనే ఇటువంటి నీటిపట్లు ఉన్నవి. ఒడిశావారికి చిలికా, కర్ణాటకవారికి చారల తల బాతులు దిగే గదగ్ జిల్లా మాగడి చెరువు, మహారాష్ట్రవారికి జాయక్‌వాడి, యానాంవారికి కోరంగి. ప్రతి సంవత్సరం జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో ఆరంభమైన ఈ లెక్కింపులో స్వచ్ఛందంగా ఎవరైనను పాల్గొనవచ్చును. ఊరి బడి పిల్లలు ఏటేటా తమ చెరువుపై ఏ పక్షి ఏ తేదీన దిగినదో, నీరు ఎంత లోతున ఉన్నదో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే, పూడిక తీయమని అడిగే రోజున ఊరి చేతిలో ఒక సాక్ష్యం ఉంటుంది.