పేరు మారితే వల్దియత్ మారుతుందా?

మన సంఘంలో బిడ్డల్ని విదేశాలకు పంపని ఇల్లు ఇప్పుడు వెదికినా దొరకడం కష్టం. ఒకప్పుడు కువైట్, సౌదీ, దుబాయి అనేవాళ్లం. ఇప్పుడు ఇంగ్లాండు, అమెరికా కూడా మన ఇళ్లలో రోజూ వినబడే పేర్లే. అక్కడికి పోయినవాళ్లకు మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "మీ ఇంటిపేరు ఏమిటి?" అన్నది. చూడటానికి చిన్న ప్రశ్నే. కాని దాని వెనుక పద్నాలుగు వందల ఏళ్ల చరిత్ర వుంది. అది తెలియక తొందరపడి సంతకం పెడితే ఒక తండ్రి గుర్తే కాగితాల మీదనుంచి చెరిగిపోవచ్చు. మా ఇంట్లో కొద్దిలో తప్పిపోయింది గనుకనే యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా చెల్లెలి మొదటి భర్త గల్ఫ్‌లో పనిచేస్తూ కాలం చేశాడు. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు. కొన్నాళ్లకు పెద్దలం కూర్చుని ఆలోచించి, ఇంగ్లాండులో వుద్యోగం చేస్తున్న ఒక మంచి మనిషితో ఆమెకు నికాహ్ చేశాం. ఆయన పిల్లవాణ్ణి కన్నకొడుకులాగే చూసుకుంటున్నాడు. చిక్కల్లా పేరు దగ్గర వచ్చింది. పిల్లవాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు షేక్. మారుతండ్రి సయ్యద్. మా చెల్లెలి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఆమె పేరు చివర "బీ" అని మాత్రం వుంది. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు, మూడు తీర్లు! ఒకసారి సెలవులకు వచ్చి తిరిగి వెళ్తుంటే విమానాశ్రయంలో అధికారి ఆపి, "యీ పిల్లవాడు నీకేమవుతాడు?" అని మా చెల్లెల్ని అడిగాడట. పిల్లవాడు ఏడుపు మొహం పెట్టాడట. ఆ వారంలోనే మా బహనోయిగారు ఫోన్ చేసి, "భాయీజాన్, వీడికి నా ఇంటిపేరే పెట్టేద్దాం. ఇక్కడ ఒక్క దస్తావేజుతో పని అయిపోతుంది" అన్నారు.

ప్రేమతో అన్న మాటే. అయినా సరే అనడానికి నాకు నోరు రాలేదు. మా మసీదు హజ్రత్‌గారి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి హజ్రత్ జైద్ (రజి.) వృత్తాంతం గుర్తుచేశారు.

జైద్ బిన్ హారిసా

హజ్రత్ జైద్ (రజి.) చిన్నతనంలో దోపిడీగాళ్ల చేతికి చిక్కి బానిసగా అమ్ముడుపోయారు. చివరకు హజ్రత్ ఖదీజా (రజి.) ద్వారా ప్రవక్త (స) ఇంటికి చేరారు. కన్నతండ్రి వెదుక్కుంటూ మక్కాకు వచ్చి తీసుకుపోతానంటే, ప్రవక్త (స) ను విడిచి వెళ్లనన్నారు. అప్పుడు ప్రవక్త (స) అందరి ఎదుట ఆయన్ని తమ కొడుకుగా ప్రకటించారు. నాటినుంచి లోకులు ఆయన్ని "జైద్ బిన్ ముహమ్మద్" అనే పిలిచారు. ఇంతకంటే గొప్ప వల్దియత్ లోకంలో ఎవరికి దొరుకుతుంది?

తర్వాత మదీనాలో సూరా అహ్‌జాబ్ అవతరించింది. పెంపుడు బిడ్డల్ని వాళ్ల కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలనీ, తండ్రి ఎవరో తెలియనివాళ్లు మీకు ధర్మసోదరులనీ దాని 5వ ఆయతులో ఆదేశం వచ్చింది. అంతే, ఆయన మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. పిలుపు మారిందేగాని ప్రేమ తగ్గలేదు. 629లో మూతాకు పంపిన సేనకు ప్రవక్త (స) ఆయన్నే నాయకుణ్ణి చేశారు. ఆయన అక్కడే షహీద్ అయ్యారు.

మన ఆడపడుచులకూ ఇందులో పాఠం వుంది. ప్రవక్త (స) సతీమణి అయివుండి కూడా హజ్రత్ ఆయిషా (రజి.) చరిత్రలో అబూబకర్ (రజి.) కుమార్తెగానే పేర్కొనబడతారు. నికాహ్ అయినంత మాత్రాన స్త్రీ తన తండ్రి పేరు వదులుకోవాలన్న నియమం మన దీన్‌లో లేదు.

ఇంటిపేరు సర్కారు చేతికి వచ్చిన వైనం

పూర్వం అరబ్బులకు మనం అనుకునే ఇంటిపేరు లేదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆపైన కబీలా పేరో వూరి పేరో చెప్పుకునేవారు. ఇమామ్ బుఖారీ అంటే బుఖారా వూరివారని అర్థం. మనిషి ఎవరో చెప్పడానికి ఆ గొలుసు చాలేది.

తర్వాత రోజుల్లో పన్నులకు, పటాలాలకు, బడులకు లెక్కలు కావలసివచ్చి ప్రభుత్వాలు స్థిరమైన ఇంటిపేరు అడగసాగాయి. తుర్కీలో 1934 జూన్ 21న ఇంటిపేర్ల చట్టం చేశారు. అది 1935 జనవరి 2 నుంచి అమలయింది. ప్రతి కుటుంబం ఒక ఇంటిపేరు ఎన్నుకుని రిజిస్టరులో రాయించుకోవలసివచ్చింది. ముస్తఫా కమాల్‌కు "అతాతుర్క్" అనే ఇంటిపేరు ఆ 1934 నవంబరులోనే వచ్చింది.

అక్కడ ఎన్నుకునే వీలైనా వుంది. బల్గేరియాలో అదీ లేదు. 1984 చివర, 1985 మొదట అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం సుమారు 8 లక్షలమంది తుర్కీ ముస్లింల పేర్లు తీసేసి బల్గేరియన్ పేర్లు బలవంతంగా అంటగట్టింది. 1989 వేసవిలో 3 లక్షలకు పైగా జనం ఇళ్లు వాకిళ్లు వదిలి తుర్కీకి వలసపోయారు. ప్రభుత్వం మారాక 1990లో పాత పేర్లు తిరిగి తీసుకునేందుకు చట్టం వచ్చింది. పేరంటే వుత్త అక్షరాలే అయితే అంతమంది వూళ్లు ఎందుకు వదులుతారు?

మన తెలుగునాట

తెలుగు ముస్లింలలో షేక్, సయ్యద్, మొగల్, పఠాన్ అన్నవి ఎక్కువగా ఇంటిపేరు స్థానంలో వుంటాయి. నూర్‌బాషా, దూదేకుల సోదరులకు అచ్చమైన తెలుగు ఇంటిపేర్లు కూడా వున్నాయి. తెలుగు ఆచారం ప్రకారం ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు తర్వాత. షేక్ మస్తాన్ వలి అంటే మనకు తికమక లేదు. విదేశాల్లో యీ వరస తలకిందులవుతుంది. చివర వున్న మాటను ఇంటిపేరనుకుని "మిస్టర్ వలి" అంటారు. అతని కొడుకు ఖాదర్ బాషా అయితే వాడు "మిస్టర్ బాషా" అవుతాడు. తండ్రీ కొడుకులకు సంబంధం లేనట్టు కనిపిస్తుంది. ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. బీ, బేగం, ఉన్నీసా అన్నవి గౌరవానికి చేర్చిన మాటలేగాని ఇంటిపేర్లు కావు. అందుకే చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. 2022 నవంబరులో ఎమిరేట్స్ ప్రభుత్వం పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించినప్పుడు ఆ ఖాళీ గడి విలువ అందరికీ తెలిసివచ్చింది. తర్వాత, పాస్‌పోర్టులో తండ్రి పేరు వుంటే సరిపోతుందని సవరించారు.

ఇంకొక్క సంగతి. సయ్యద్ అన్నది వుత్త ఇంటిపేరు కాదు. ప్రవక్త (స) సంతతివారమని చెప్పుకోవడం. షేక్ బిడ్డను సయ్యద్‌గా రాయించడమంటే లేని నసబ్‌ను అంటగట్టడమే. యీ మాట హజ్రత్‌గారు చెప్పగానే మా బహనోయిగారు, "తౌబా, నేనంత దూరం ఆలోచించలేదు" అన్నారు.

కాగితాల సంగతి

ఇంగ్లాండులో పేరు మార్చుకునే దస్తావేజును డీడ్ పోల్ అంటారు. పదహారేళ్లు నిండినవాళ్లు ఎవరిది వాళ్లే రాసుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే బిడ్డపై చట్టరీత్యా బాధ్యత వున్నవారందరి సమ్మతీ కావాలి. అమెరికాలో సాధారణంగా కోర్టు ద్వారా మారుస్తారు. పౌరసత్వం ఇచ్చే సందర్భంలోనే పేరు మార్చే వీలు కూడా అక్కడ 1906 చట్టంనుంచి వుంది.

అయితే మనవాళ్లు పొరబడేది ఇక్కడే. ఆ దేశపు దస్తావేజుతో మన భారత పాస్‌పోర్టు దానంతటది మారదు. భారత పౌరులుగా వున్నంతకాలం అక్కడి మన రాయబార కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు వగైరా వాళ్లడిగినవి జతచేసి కొత్త పాస్‌పోర్టు తీసుకోవాలి. గెజెట్‌లో ప్రకటించదలిస్తే విదేశంలో వున్నవారి పత్రాన్ని ఆ కార్యాలయంవారే ధ్రువీకరించాలి. ఇవేవీ చేయకుండా అక్కడ ఒక పేరు, ఇక్కడ ఒక పేరు పెట్టుకుంటే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

మా పిల్లవాడి విషయమే చూడండి. వాడి తండ్రికి వూళ్లో ఎకరంన్నర మాగాణి వుంది. అందులో వాడి వాటా షరియత్ ప్రకారం వాడిదే. పేరు సయ్యద్ అయినా ఆ హక్కు పోదు. కాని రేపు పాస్‌బుక్కు కోసం వెళ్తే, షేక్ కొడుకు సయ్యద్ ఎలా అయ్యాడని అడగరా? పోనీ మారుతండ్రి ఆస్తి వస్తుందా అంటే, పేరు మార్చినంత మాత్రాన వాడు వారసుడు కాడు. ఆయన ఇవ్వదలిస్తే బతికుండగా హిబా చేయవచ్చు, లేదా మూడో వంతుకు మించకుండా వసియత్ రాయవచ్చు. దానికి పేరుతో పనిలేదు. ప్రేమ చూపడానికి దీన్ వేరే దారులు చూపించింది.

చివరకు ఏం చేశామంటే, పిల్లవాడి పేరు ముట్టుకోలేదు. మార్చింది మా చెల్లెలి పేరు. మా పుట్టింటిదీ షేకే. ఆమె పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరుకు ముందు షేక్ అని స్పష్టంగా వుంది. దాన్ని ఆధారం చేసుకుని ఇంగ్లాండులోని మన కార్యాలయం ద్వారా పాస్‌పోర్టులోని ఖాళీ గడి నింపించాం. ఇప్పుడు తల్లికీ కొడుక్కీ ఒకే ఇంటిపేరు. ఆమె తన తండ్రి బిడ్డగా షేక్, వాడు తన తండ్రి బిడ్డగా షేక్. అబద్ధం ఎక్కడా లేదు. విమానాశ్రయంలో మళ్లీ ఎవరైనా అడిగితే చూపడానికి జనన ధ్రువపత్రం, తండ్రి మరణ ధ్రువపత్రం, నికాహ్‌నామా నకళ్లు సంచీలో వుంచుకోమన్నాం.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా బహనోయిగారే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్లారు. వాడి తాత ఖబర్ దగ్గర ఫాతిహా చదివించి, "వీరు మీ అబ్బాకు అబ్బా. నీ పేరు ఇక్కణ్ణించే వచ్చింది" అని చెప్పారు. వాడు ఆయన చెయ్యి పట్టుకునే విన్నాడు.

విదేశాల్లో వున్న మన బిడ్డలకు నేను చెప్పేది ఇంతే. గడి ఖాళీగా వుంటే నింపండి, తప్పుగా వుంటే దిద్దించండి. పేరు దిద్దుకోవడం హరామ్ కాదు. కాని తండ్రిని మార్చకండి. బిడ్డ పుట్టగానే ఇంటిపేరు, అసలు పేరు, తండ్రి పేరు మూడూ సరిగ్గా రాయించండి. సంతకం పెట్టేముందు ఒక్కసారి పెద్దల్ని అడగండి. అల్లాహ్ మన సంతానాన్ని, వాళ్ల నసబ్‌ను కాపాడుగాక. ఆమీన్.