అరగంటలో మాయమైన మందు

పెన్సిలిన్ ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్నకు తొలి జవాబు కుందేలే ఇచ్చింది. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో 1929లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు పెరిగిన రసాన్ని వడగట్టి, 20 మిల్లీలీటర్లు కుందేలు రక్తనాళంలోకి ఎక్కించి చూశాడు. జంతువుకు ఏమీ కాలేదు. కానీ సుమారు అరగంట గడిచేసరికి దాని రక్తంలో మందు జాడ దాదాపు లేకుండా పోయింది. గాజు గొట్టంలో సూక్ష్మజీవులను చంపడానికేమో ఆ మందుకు నాలుగు గంటలకు పైగా పట్టేది. ఈ రెండు లెక్కలూ చూశాక ఎవరికైనా నీరసం రాక మానదు. పుండ్ల మీద పూయడానికి పనికొస్తుందేమో గానీ లోపలికి ఇచ్చే మందు కాదనే వైపే ఫ్లెమింగ్ మొగ్గాడు. జబ్బు చేసిన జంతువుకు ఒక్కసారైనా ఇచ్చి చూడలేదు.

పదకొండేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ బృందం మందు ఎక్కడికి పోతోందని వెతికింది. జంతువుల మూత్రంలో అది దొరికింది. మందు విరిగిపోవడం లేదు, చాలావరకు చెక్కుచెదరకుండా మూత్రపిండాల గుండా బయటపడుతోంది. నోటి ద్వారా ఇస్తే మాత్రం కడుపులోని ఆమ్లం దాన్ని పాడుచేస్తుంది. 1940 మే 25న ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికే పెన్సిలిన్ ఇచ్చారు. మందు పడనివి తెల్లారేలోగా చచ్చాయి. ఒంట్లో కాసేపే ఉన్నా మందు తన పని చేసుకుపోతుందని తేలింది.

1941 ఫిబ్రవరిలో పోలీసు ఉద్యోగి ఆల్బర్ట్ అలెగ్జాండర్‌కు మూడు గంటలకోసారి సూది వేయాల్సి వచ్చింది. నిల్వ చాలక, ఆయన మూత్రాన్ని సైకిల్ మీద ప్రయోగశాలకు మోసుకెళ్లి, అందులోని పెన్సిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఆయనకే ఎక్కించారు. అయినా మందు అయిపోయింది. కోలుకుంటున్నట్టు కనిపించిన మనిషి మార్చి 15న చనిపోయాడు.

ఆ తర్వాత ప్రయత్నమంతా మందు ఇలా మూత్రంలో కారిపోవడాన్ని అదుపు చేయడం మీదే సాగింది. 1944లో అమెరికా సైనిక వైద్యుడు మన్రో రొమాన్‌స్కీ పెన్సిలిన్‌ను వేరుశెనగ నూనెలో, తేనెమైనంలో కలిపి కండరంలోకి వేశాడు. మందు మెల్లగా రక్తంలోకి దిగింది గానీ, ఆ చిక్కటి ముద్దను సూదిలోంచి నెట్టడమే పెద్ద పని. మూత్రపిండాలు పెన్సిలిన్‌ను తోసేయకుండా అడ్డుపడే ప్రొబెనెసిడ్ 1950ల ఆరంభంలో వచ్చింది.

ఇంతకీ మందు ఎక్కువ మోతాదులో పడాలా, ఎక్కువసేపు ఉండాలా? హ్యారీ ఈగిల్ కుందేళ్ల మీద, చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1950లో వెలువడ్డాయి. సూక్ష్మజీవిని చంపే స్థాయిలో మందు మొత్తం ఎంతసేపు ఉందన్నదే అసలు విషయమని ఆయన తేల్చాడు. ఆ స్థాయి దాటాక మోతాదు ఎంత పెంచినా పెద్దగా లాభం లేదు. ఒకే సూదితో వారాల తరబడి నిలిచే బెంజాథిన్ పెన్సిలిన్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. కీళ్లవాతపు జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మన ఆసుపత్రుల్లో మూడు వారాలకోసారి వేసేది ఈ సూదే.