లేఖన ప్రయోజనం: ఒంగోలు సీమ సాక్ష్యం

క్రైస్తవ లేఖనం తన ప్రయోజనాన్ని సూటిగా చెప్పుకున్న చోటు యోహాను సువార్త 20వ అధ్యాయం చివర ఉంది. యేసు చేసినవన్నీ ఇందులో రాయలేదనీ, రాసినంత మేరకు ఆయనే క్రీస్తని చదువరి నమ్మి జీవం పొందడానికేననీ సువార్తికుడు అంటాడు. ప్రొటెస్టెంట్ మిషన్లు అనువాదాలకూ అచ్చుకూ అంత శ్రమపడింది ఈ నమ్మకంతోనే. మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా చేసిన తెలుగు అనువాదం అచ్చుకే నోచుకోలేదు. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజ్, ఆనందరాయర్ సాయంతో తెనిగించిన సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అయితే పుస్తకం చేతికందితే చాలు, చదివినవాడు విశ్వాసి అవుతాడన్న ఆశ గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పూర్తిగా ఫలించలేదు. ఇక్కడ వాక్యం ముందు చెవిన పడింది, అక్షరం ఆ తర్వాత వచ్చింది. వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా పత్రిక 10వ అధ్యాయంలో పౌలు చెప్పిన తీరుకే ఈ నేల చరిత్ర దగ్గరగా ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తొలినాళ్ళలో ఆయన దగ్గర బాప్తిస్మం పొందినవారిలో ముఖ్యుడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, అంతకు ముందే యోగ గురువుల వెంట తిరిగి సత్యాన్ని వెతికినవాడు. ఊరి బడి గడప తొక్కనివ్వని కులానికి పుస్తకం పంచి ఏం లాభం? పేరయ్య వంటివారు పల్లె పల్లె తిరిగి, చుట్టాల ఇళ్ళలో కూర్చుని, తాము విన్నది చెప్పారు. లేఖనం బంధుత్వపు దారుల్లోనే నడిచింది. ఇక చదువరిని లేఖనం మార్చిన ఉదాహరణ కావాలంటే క్లౌ దంపతులనే చూడాలి. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మిషన్ బడి మాన్పిస్తామని బ్రాహ్మణులు చెప్పినప్పుడు, భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయంలోని ఒకే భాగం కంటబడిందని క్లౌ రాసుకున్నాడు. లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఎన్నుకున్నాడనే భాగమది. దాన్ని దైవచిత్తమనుకున్నా, యాదృచ్ఛికమనుకున్నా, మిషన్ దారి మాత్రం అక్కడే తేలిపోయింది.

వాక్యం విని మాదిగలు విశ్వాసులయ్యారనే మాటకు మొదటి ఆక్షేపణ అందరికీ తెలిసిందే: కరువులో గంజి కోసం మతం మారారని. 1876–78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు పట్టి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యాహ్నం పార పక్కన పెట్టి కూర్చున్న కూలీలకు వారు వాక్యం చెప్పేవారు. ప్రయాసపడి బరువులు మోసేవారిని రమ్మనే మత్తయి 11వ అధ్యాయపు పిలుపు తట్ట మోసేవాడికి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. కానీ పనీ తిండీ దొరికిన ఆ కాలమంతా, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, మధ్యాహ్నపు ఎండలో కాసేపు ఆగి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. గంజి కోసమే వచ్చినవారైతే గంజి ఆగాక రావలసిన పనేముంది? కరువులో దొరికిన ఆదరణ వారి మనసును మెత్తబరచలేదని మాత్రం నేను అనను. ఆ మాట అంటే అతిశయోక్తి అవుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: వారు కోరింది గౌరవం, దానికి విశ్వాసమని పేరు పెట్టారని. ఇందులో నిజముంది, కానీ అది లేఖనానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. చేరేవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టి, జాతరలో డప్పు కొట్టి, కళ్ళంలో మేరగా గింజలు తీసుకునే మనిషికి ఇవి మాటవరస నియమాలు కావు. ఆదివారం పొలానికి రానంటే రైతుకు కోపం, డప్పు కొట్టనంటే ఊరికి కోపం. ఏడాది తిండి గింజలకే ముప్పు. లాభం చూసుకునేవాడు ఈ బేరానికి దిగడు. గౌరవం కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా అని విడదీసి అడగడం, అణగదొక్కబడినవాడిని ఎత్తే దేవుణ్ణి గురించి చెప్పే గ్రంథం విషయంలో, సరైన ప్రశ్న కాదు.

మరి వినికిడే చాలితే అచ్చు గ్రంథమెందుకు? చెప్పేవాడు దారి తప్పితే నిలదీయడానికి. అందుకే విశ్వాసుల వెనకే బడులు వచ్చాయి; 1872లో రామాపట్నంలో దేశీయ బోధకుల కోసం వేదాంత పాఠశాల మొదలైంది. గుంటూరులో 1842లోనే అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ హేయర్ వారసులు కూడా బడిని గుడితో సమానంగా చూశారు.

అయితే చదివిన ప్రతివాణ్ణీ లేఖనం ఒకే గమ్యానికి చేర్చదు. వినుకొండలో పుట్టి, గుంటూరు లూథరన్ బడిలో పనిచేసిన గుర్రం జాషువా క్రీస్తు జీవితాన్ని ‘క్రీస్తు చరిత్ర’ అనే పద్యకావ్యంగా రాసి కూడా ఏ మతానికీ కట్టుబడక తనను విశ్వనరుడన్నాడు. యోహాను చెప్పిన ప్రయోజనం రాసినవాడి ఉద్దేశం మాత్రమే, చదివేవాడి మీద బలవంతం కాదు.