డిజిటల్ సంతకం: పలాస, టెక్కలి, ఉద్దానం మండలాలు

పలాస, టెక్కలి నుంచి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు దాకా మీసేవలో తీసుకునే కులం, ఆదాయం ధ్రువపత్రాలపై తహసీల్దారు డిజిటల్ సంతకం ఉంటుంది. దీనికి ఆధారం 1976లో డిఫీ, హెల్‌మన్‌లు ప్రతిపాదించిన పబ్లిక్ కీ పద్ధతి. అధికారికి రెండు కీలు ఉంటాయి. రహస్య కీతో సంతకం చేస్తారు, బహిరంగ కీతో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. సంతకమయ్యాక పత్రంలో ఒక్క అంకె మారినా తనిఖీలో బయటపడుతుంది.

బహిరంగ కీ ఫలానా అధికారిదేనని పూచీపడే వ్యవస్థకు మన దేశంలో పునాది ఐటీ చట్టం. అది 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అలా పూచీపడే సర్టిఫికెట్లు జారీచేసే సంస్థలకు లైసెన్సులిచ్చే కంట్రోలర్ కార్యాలయం ఆ నవంబరులోనే ఏర్పడింది. హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతికత సంస్థ ఐడీఆర్‌బీటీ కూడా అలా లైసెన్సు పొందినదే. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ, సంతకాన్ని అన్ని మండల కార్యాలయాలకూ తెచ్చింది. ఇచ్ఛాపురం విద్యార్థి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పెట్టిన పత్రాన్ని ఎక్కడి కళాశాలైనా దరఖాస్తు సంఖ్యతో సరిచూసుకోగలగడం ఈ మార్పు ఇచ్చిన పెద్ద మేలు.

వ్యవస్థ పైమెట్టు దెబ్బతింటే కింద ఉన్నవారందరి నమ్మకమూ కదులుతుంది. 2014 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ విభాగం పేరిట గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడగా, కంట్రోలర్ ఆ విభాగపు సర్టిఫికెట్లను రద్దు చేశారు.

మండల స్థాయిలో అసలు ప్రమాదం గణితంలో లేదు, రహస్య కీ ఉండే యూఎస్‌బీ టోకెన్ ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది. పని ఒత్తిడిలో టోకెన్, పాస్‌వర్డ్ ఆపరేటరుకు అప్పగిస్తే, తహసీల్దారు చూడని పత్రం కూడా ఆయన పేరిటే చెల్లుతుంది. రికార్డులోనే తప్పుంటే సంతకం దాన్ని సరిదిద్దదు, అది చేసేది ఆ తప్పును స్థిరపరచడమే.

సంతకం దేన్నీ దాచదు కూడా. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అలాంటి చోట రోగుల వివరాలు గోప్యంగా ఉండాలంటే ఎన్‌క్రిప్షన్ కావాలి. ఇలాంటి జంట కీలు అందుకూ పనికొస్తాయి: బహిరంగ కీతో మూసినదాన్ని రహస్య కీ ఉన్నవారే తెరవగలరు.

రహస్య కీని అదుపులో ఉంచుకోవడం ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం సంతకందారు బాధ్యత. కీ భద్రత దెబ్బతింటే జాప్యం లేకుండా జారీ సంస్థకు తెలపాలి.