కాళ్లు లేని మలేరియా క్రిమి ఎలా కదులుతుంది?

మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఏకకణ జీవి. దానికి కాళ్లు లేవు. మన శరీరంలో ఉన్నంతకాలం ఈదడానికి తోక కూడా ఉండదు. అయినా దోమ కుట్టిన చోటి నుంచి రక్తనాళంలోకి, కాలేయంలోకి, ఆపైన ఎర్ర రక్తకణాల్లోకి చొరబడుతుంది. ఈ కదలిక ఆగితే జబ్బు కూడా ఆగుతుంది.

చర్మంలో జారుడు: దోమ లాలాజలంతో మన చర్మంలోకి దిగే దశ పేరు స్పోరోజోయిట్. పొడవు మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. సెకనుకు 1 నుంచి 2 మైక్రోమీటర్లు జారుతుంది. మన తెల్ల రక్తకణాల నడక కన్నా ఇది చాలా వేగం.

లోపలి మోటారు: గెడ వేసి పడవ నడపడం గుర్తు తెచ్చుకోండి. గెడ నేలలో దిగి కదలకుండా ఉంటుంది, సరంగు దాన్ని వెనక్కి తోస్తే పడవ ముందుకు పోతుంది. ఇక్కడ గెడ ట్రాప్ అనే ప్రొటీన్. అది క్రిమి పైపొర దాటి బయటికొచ్చి మన కణాలను పట్టుకుంటుంది. దాని లోపలి కొస యాక్టిన్ పోగులకు తగులుకుని ఉంటుంది. సరంగు పని మయోసిన్-ఎ చేస్తుంది. పైపొర కింద ఉన్న మరో పొరకు అంటిపెట్టుకుని, ఏటీపీ శక్తితో యాక్టిన్‌ను వెనక్కి తోస్తుంది. క్రిమి ముందుకు జారుతుంది. పట్టు వెనక కొసకు చేరాక ఒక ఎంజైము దాన్ని కోసేస్తుంది. మన కండరాలు పనిచేసేదీ యాక్టిన్, మయోసిన్‌లతోనే అని పై తరగతి పిల్లలు గమనించాలి.

కాలేయం నుంచి వచ్చే మీరోజోయిట్లు కూడా ఇలాంటి మోటారుతోనే నిమిషంలోపు ఎర్ర రక్తకణంలో దూరిపోతాయి.

దోమ కడుపులో: అక్కడ మగకణాలకు తోకలు వస్తాయి. వాటిని ఆడించేది డైనీన్ అనే వేరే మోటారు ప్రొటీన్. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, రోగి రక్తపు చుక్కలో ఈ తోకల విదిలింపు చూసే, ఇది ప్రాణమున్న క్రిమి అని గుర్తించాడు. ఆడ, మగ కణాలు కలిశాక పుట్టే ఊకినీట్ మళ్లీ జారుకుంటూ దోమ కడుపు గోడలో చేరి పెరుగుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో చూసింది ఆ దశనే.

మోటారు చెడితే? ఎలుకల మలేరియా క్రిమిలో ట్రాప్ జన్యువును తీసేసి చూశారు. స్పోరోజోయిట్లు సరిగా జారలేకపోయాయి, కాలేయానికి సోకే శక్తి బాగా తగ్గింది. అందుకే ఈ మోటారును ఆపే మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి.

తల్లిదండ్రులకు: క్రిమి ప్రయాణం కుట్టిన నిమిషాల్లోనే మొదలవుతుంది, జ్వరం మాత్రం వారం దాటాకే వస్తుంది. అనాఫిలిస్ ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది కాబట్టి పిల్లల్ని దోమతెరలోనే పడుకోబెట్టండి. చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపకండి. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెట్టగలదు.