దూరమునుండి మాట నేర్పుట



మాట దూరము పోవుట నేడు మనకు వింత కాదు. ఆకాశవాణి మాటను ఊరూరికి చేర్చినది. సెల్‌ఫోను దానిని పొలము గట్టు వరకు తెచ్చినది. కాని మాట రానివానికి దూరమునుండి మాట నేర్పవచ్చునా? నత్తి గల బాలుని, అంగిలి చీలికతో పుట్టిన బిడ్డను, పక్షవాతము వచ్చి నోట మాట పడిపోయిన వృద్ధుని, నగరమునందున్న నిపుణుడు బిచ్కుంద వంటి యూరిలో నున్నవారిని చేతితో తాకకయే బాగుచేయగలడా? ఈ ప్రశ్నకు చరిత్ర యేమి యుత్తరము చెప్పుచున్నదో నాకు తెలిసినంత వరకు మనవి చేయుదును.

మాట యెట్లు పుట్టునో విచారించుట మన దేశమున క్రొత్త విద్య కాదు. వేదాంగములారింటిలో మొదటిదిగా శిక్షను చెప్పుదురు. ఏ వర్ణము కంఠమున పుట్టునో, ఏది దవుడలయందో, ఏది మూర్ధమునందో, ఏది దంతములయొద్దనో, ఏది పెదవులయందో మన పూర్వులు విభజించి చెప్పిరి. పాతకాలపు బడిలో వ్యాకరణము చదివిన పెద్దలకు కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అను పేరులు నేటికిని జ్ఞాపకముండును. ‘ర’కారమును ‘ల’కారముగా పలుకు బాలునికి నాలుక కొన యెక్కడ నుంచవలెనో చూపు నేటి నిపుణుడు చేయుచున్నదియు, మూలమున, ఆ స్థానప్రయత్నముల బోధయే. అయితే మన పూర్వుల శ్రద్ధ చక్కగా పలుకగల శిష్యుని మీద నిలిచినది. పలుకలేని బిడ్డకు ఆ శాస్త్రము చేరలేదు.

ఆ బిడ్డకు పల్లెలో మిగిలినది వసకొమ్ము. వసను అరగదీసి శిశువు నాలుకకు రాచినచో మాటలు త్వరగా వచ్చునని మన తల్లులు నమ్మిరి. అధికముగా మాటలాడువానిని వసపిట్ట యనుట ఆ నమ్మకము నుండి వచ్చినదే. మరియొక మాటయు మనయిండ్లలో తరచు వినబడును: “వీని తండ్రికిని మాటలు ఆలస్యముగానే వచ్చినవి, తొందర యేమి?” అని. ఈ యోదార్పు ప్రేమతో చెప్పునదే. కాని దానివలన నష్టపోయిన సంవత్సరములు తిరిగి రావు. ఏడాది నిండునప్పటికి బిడ్డ ఒకటి రెండు మాటలు పలుకవలెను. రెండేండ్లకు రెండు మాటలు కూర్చి చెప్పవలెను. అట్లు కానిచో మొదట పరీక్షింపవలసినది నాలుకను కాదు, చెవిని. వినబడని బిడ్డకు మాట రాదు. ఎంత చిన్న వయస్సున లోపము కనుగొందురో అంత మేలు కలుగును.

పాశ్చాత్య దేశములలో ఈ విద్య వైద్యముతో కలిసిన కథ తెలిసికొనదగినది. 1861లో పారిసు నగరమున బ్రోకా యను వైద్యుడు, ఒక్క అక్షరమును తప్ప మరేమియు పలుకలేని రోగి మరణించిన పిమ్మట వాని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగము చెడియున్నదని కనుగొనెను. మాట పడిపోవుట దైవశాపము కాదనియు, మెదడులో నొకచోట కలిగిన గాయమనియు అప్పటినుండి లోకమునకు తెలియవచ్చెను.

అదే కాలమున అలెగ్జాండర్ మెల్విల్ బెల్ అను స్కాట్లండు దేశపు వాగ్బోధకుడు పెదవులు, నాలుక, కంఠము నిలుచు తీరును గుర్తులతో వ్రాయు పద్ధతిని కల్పించి 1867లో ప్రకటించెను. ఆయన భార్యకు వినికిడి తక్కువ. వారి కుమారుడు గ్రహాంబెల్ అమెరికాకు పోయి బాస్టను నగరమున చెవిటి బాలురకు మాటలు నేర్పెను. తన శిష్యురాలైన యొక చెవిటి కన్యనే తరువాత పెండ్లాడెను. ఆ గ్రహాంబెల్‌కే 1876లో టెలిఫోనుకు పేటెంటు హక్కు లభించినది. మాటను దూరమునకు పంపు యంత్రము, మాట రానివారికి మాట నేర్పు ఇంటిలోనే పుట్టినదని మనము గమనింపవలెను.

రేడియో కథయు నిట్టిదే. ఇంగ్లండు రాజకుమారుడొకడు నత్తితో బాధపడుచు 1926లో లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయుని ఆశ్రయించెను. ఆ రాజకుమారుడే ఆరవ జార్జి. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటింపబడినప్పుడు ఆయన రేడియోలో ప్రసంగింపగా సామ్రాజ్యమంతయు వినెను. రాజు నత్తికి గురువు దొరికెను. రైతు బిడ్డ నత్తికి దొరకవలదా?

మన దేశమున చెవిటి బాలుర పాఠశాలలు పందొమ్మిదవ శతాబ్దాంతమున మొదలైనవి. కలకత్తా పాఠశాల 1893లో నెలకొన్నది. కాని మాటల నిపుణులను తయారుచేయు విద్యాలయములు స్వాతంత్ర్యానంతరమే వచ్చినవి. 1965లో మైసూరునందు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ స్థాపింపబడినది. 1983లో బొంబాయిలో వినికిడి లోపము గలవారికై జాతీయ సంస్థ యేర్పడి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన మన హైదరాబాదు వాసి నవాబు అలీ యావర్ జంగ్ పేరు ధరించినది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదులో నున్నది. మందబుద్ధి గల పిల్లలకై 1984లో సికింద్రాబాదులోనే మరియొక జాతీయ సంస్థ వెలసినది. ఈ విద్య నభ్యసించినవారిని నమోదు చేయుటకు 1992లో పార్లమెంటు పునరావాస మండలి చట్టము చేసినది.

చట్టములయందును మాట ఆలస్యముగానే వచ్చినది. 1995 నాటి వికలాంగుల చట్టములో చెవుడు చేర్చబడినది గాని మాటలోపము విడిగా పేర్కొనబడలేదు. 2016 నాటి చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించి, వానిలో మాటకును భాషకును సంబంధించిన వైకల్యమునకు చోటిచ్చినది. 2011 జనాభా లెక్కలలో దేశమందు మాటలోపము గలవారు సుమారు 20 లక్షలమంది. వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడినవారు.

ఇక బిచ్కుందను చూడుడు. మన యూరు నైజాము రాజ్యమున నుండెను. 1956లో ఆంధ్రప్రదేశమున చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్రమున భాగమాయెను. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లానుండి విడిపోయి క్రొత్త కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ విభాగమున చేరెను. రాజ్యములు మారినవి, జిల్లా మారినది. హైదరాబాదు మాత్రము నూటయేబది కిలోమీటరులకు పైబడిన దూరముననే యున్నది. మాటల నిపుణులలో అధికులు అట్టి నగరములయందే యున్నారు. మాటల చికిత్స ఒక్కనాటి సూదిమందు కాదు. వారమునకు ఒకటి రెండు పర్యాయములు, నెలల తరబడి సాగవలెను. కూలి మాని, బస్సు ఛార్జీలు పెట్టుకొని, బిడ్డ నెత్తుకొని తల్లి యెన్ని వారములు పోగలదు? మొదటి రెండు పర్యాయములు పోయి మూడవ పర్యాయము మానుకొన్నచో, తప్పు తల్లిది కాదు, దూరముది.

ఈ దూరమును దాటుటకు యత్నములు ఏబదియేండ్లుగా జరుగుచున్నవి. 1970 తరువాతి దశకమున అమెరికాలోని అలబామా రాష్ట్రమున, బర్మింగ్‌హామ్ నగరపు మాజీ సైనికుల ఆసుపత్రిలో గ్వెనిత్ వాన్ అను విదుషి, పక్షవాతముచే మాట పోయినవారికి టెలిఫోను ద్వారా పాఠములు చెప్పెను. మన తెలుగు నేలయు వెనుకబడలేదు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున, పల్లెనుండి నగరవైద్యుని సంప్రదించు దూరవైద్య కేంద్రము ఆరంభమైనది. దానిని అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించెను. పొరుగున తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో చెన్నపట్టణపు విశ్వవిద్యాలయమొకటి గ్రామ కార్యకర్తలకు తర్ఫీదిచ్చి, పల్లె శిశువుల వినికిడిని నగరమునందలి నిపుణులచే దూరమునుండి పరీక్షింపజేసినది. మైసూరు సంస్థయు దూరచికిత్సకై ప్రత్యేక విభాగము నెలకొల్పినది. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లల నత్తికి కెమెరా ద్వారా చేసిన చికిత్సను, ఎదుట కూర్చుండబెట్టి చేసిన చికిత్సను పోల్చి చూచి, ఫలితమున గుర్తింపదగిన భేదము లేదని 2016లో ప్రకటించిరి.

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన దేశమంతయు మూతపడినప్పుడు ఈ పద్ధతి తప్పనిసరి యాయెను. ఆ మార్చి 25న కేంద్ర ప్రభుత్వము దూరవైద్య నియమావళిని ప్రకటించినది. సెప్టెంబరు 1 నుండి తెలంగాణ బడిపిల్లలకు టీశాట్ ద్వారాను, దూరదర్శన్ యాదగిరి ద్వారాను పాఠములు ప్రసారమైనవి. ఇక్కడ నొక భేదమును గ్రహింపవలెను. గణితపాఠము ఒకవైపు నుండి వచ్చినను చాలును. మాటల పాఠము అట్లు సాగదు. గురువు శిష్యుని నోరు చూడవలెను, వాని ధ్వని వినవలెను, అప్పటికప్పుడు దిద్దవలెను. టీవీ చెప్పును గాని వినదు. రెండువైపుల మాట నడుచు సాధనము కావలెను.

బిచ్కుంద వంటి మండలమున దీనిని నెలకొల్పవలెనన్నచో కావలసినవి యెవ్వి? భవనములు కావు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో మొదలైనది. దాని వైద్యబృందములు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలను ఒకమారు దర్శించి పిల్లలను పరీక్షింపవలెను. వారు చూడవలసిన ముప్పది లోపములలో వినికిడి, భాష ఆలస్యము, అంగిలి చీలిక చేరియున్నవి. ప్రత్యేకావసరములు గల పిల్లలకై మన రాష్ట్రమున భవిత కేంద్రములున్నవి. ప్రాథమికారోగ్య కేంద్రములు సరేసరి. ఉన్నవానిని ఒక దారమున గ్రుచ్చుటయే పని.

ఆ దారము ఇట్లుండవలెనని నా యభిప్రాయము. మొదట బిడ్డకు చెవిపరీక్ష ప్రత్యక్షముగా జరుగవలెను. పిమ్మట బడిలోగాని భవిత కేంద్రములోగాని సందడి లేని గది యొకటి. నోటి మీద వెలుతురు పడునట్లు కిటికీకి ఎదురుగా కుర్చీ. పెద్ద తెర, మంచి మైకు, తెగిపోని ఇంటర్నెట్టు. వీనికంటె ముఖ్యమైనది బిడ్డ ప్రక్కన కూర్చుండు మనుష్యుడు: శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలో, ఆశా కార్యకర్తయో, తల్లియో. నిపుణుడు అర్ధగంట తెరమీద నుండును. మిగిలిన వారమంతయు ఆ పాఠమును ఇంటిలో సాగించునది ఆమెయే. బడిలో టీచరు, ఆసుపత్రిలో వైద్యుడు, నగరములో నిపుణుడు ఒక్క పుస్తకములోనే బిడ్డ ప్రగతిని వ్రాయవలెను. తల్లిదండ్రుల సమ్మతి లేక బిడ్డ బొమ్మ నెవ్వరును దాచరాదు.

మన ప్రాంతమునకు మరియొక చిక్కు గలదు. ఇది సరిహద్దు నేల. దెగ్లూరు దారిన మరాఠీ వినబడును. కన్నడము, ఉర్దూ, తండాలలో లంబాడీ భాష గలవు. నగరపు నిపుణునికి తెలుగే వచ్చిన, తండా బిడ్డ తన తల్లి భాషలో సరిగా పలుకుచున్నదో లేదో ఆయనకెట్లు తెలియును? ఇంటిలో రెండుమూడు భాషలుండుటవలన మాటలోపము కలుగదు; ఒక భాషను మాన్పించుట చికిత్స కాదు. కావున ప్రక్కన కూర్చుండు మనుష్యునికి ఆ యింటి భాష తప్పక తెలిసియుండవలెను.

ఇంత చెప్పియు, ఈ పద్ధతికి గల మేరను దాచరాదు. మ్రింగుట కష్టమైన రోగిని, అంగిలి లోపలి చీలికను, కదలక కూర్చుండలేని పసివానిని తెరమీద మాత్రమే చూచి నిర్ణయించుట తగదు. అంతకంటె పెద్ద భయమొకటి గలదు. తెర వచ్చినది గదా, ఇక మనిషి యెందుకని ప్రభుత్వమువారు జిల్లాలో నిపుణుని నియమించుట మానివేయవచ్చును. చరిత్రలో మనము చూచిన ప్రతి విజయమునందును ఒక గురువు, ఒక శిష్యుడు, ఒక ఓర్పు గల తోడు కలరు. తీగ వారిని కలిపినది. వారికి బదులుగా నిలువలేదు. జిల్లాయందొక నిపుణుడుండి, నెలకొకమారు మండలమునకు వచ్చి, మిగిలిన దినములలో తెరమీద కలిసికొనుట ఉత్తమమని నా విశ్వాసము.

పెద్దలారా, ఈ పనిలో మీకును భాగము గలదు. మీ వాడలో మూడేండ్లు నిండియు మాటలు రాని బిడ్డ యున్నచో, “చూతములే” యనక అంగన్‌వాడీకి తెలియజేయుడు. బడిలో నత్తివానిని వెక్కిరించువారిని వారింపుడు. మాట పడిపోయిన వృద్ధుని మతి పోయినవానిగా నెంచి పంచాయతీనుండి తొలగింపకుడు; చాలమందికి తెలివి చెక్కుచెదరక మాట మాత్రమే లోపల చిక్కుకొనియుండును. గ్రామసభలో వీధిదీపములను, మురుగు కాలువలను అడుగునప్పుడు, బడిలో నొక నిశ్శబ్దమైన గదిని, ఒక తర్ఫీదు పొందిన మనిషిని కూడ అడుగుడు. అడుగుటకు నోరు గలవారు అడుగకున్న, నోరు లేనివారి పక్షమున మరెవ్వరడుగుదురు?